తొట్లలో నీళ్ళున్నాయా? తొట్లకొండ నుంచి రంగూన్ దాకా ఎరుక కథ

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన ఒక చిన్న సంఘటనతో మొదలుపెడతాను.

పోయిన ఏడాది వర్షాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే కెమెరా, గింబల్, రెండు బ్యాటరీలు పట్టుకుని తొట్లకొండ ఎక్కాను. వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తుంటే, రుషికొండ దాటాక, మంగమారిపేట దగ్గర ఎడమ చేతి వైపు ఉండే కొండ అది. పైన పాత బౌద్ధారామం, కింద సముద్రం. రెండు గంటలు అక్కడే తిరిగాను. షాట్లు బాగా వచ్చాయి. హ్యాపీగా ఇంటికొచ్చి టిఫిన్‌కి కూర్చున్నాను.

అమ్మ అడిగింది, "పైన తొట్లలో నీళ్ళున్నాయేట్రా?" అని.

నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఆ కొండకి పేరే తొట్ల వల్ల వచ్చింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు. వాటి చుట్టూ తిరిగాను, వాటి పక్కన నిలబడి డైలాగ్ చెప్పాను. నీళ్ళున్నాయో లేదో చెప్పాలంటే ఫోన్ తీసి ఫుటేజ్ చూడాల్సి వచ్చింది. అమ్మ నవ్వింది. "మరి నువ్వెళ్ళావా, నీ కెమెరా వెళ్ళిందా?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అప్పటికి ఏడాదిగా నాకు అన్నీ అలాగే జరుగుతున్నాయి. బండి మీద మద్దిలపాలెం నుంచి గాజువాక వచ్చేస్తాను, దారిలో ఏం చూశానో గుర్తుండదు. అన్నం తింటాను, ఏం కూరో చెప్పలేను. దీనికి తెలుగులో ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: పరధ్యానం. ధ్యానమే, కానీ ఇంకెక్కడో ఉన్నదాని మీద. "ఏంట్రా అలా పరధ్యానంగా ఉన్నావు?" అని అమ్మమ్మలు అడుగుతారు కదా, అదే. మన చేతిలో ఉన్న ఫోన్ ఈ పరధ్యానాన్ని 24 గంటలూ తయారుచేసే ఫ్యాక్టరీ.

దీనికి మందుగా ఇప్పుడు అందరూ చెప్పే మాట మైండ్‌ఫుల్‌నెస్. ఈ క్షణంలో ఉండటం. నేను కూడా మొదలుపెడదాం అనుకున్నాను. కానీ నాకొక జబ్బుంది, ఏది మొదలుపెట్టినా ముందు దాని వెర్షన్ హిస్టరీ చూస్తాను. అలా వెతుక్కుంటూ వెళ్తే, కథ అమెరికాలో మొదలవ్వలేదు. అలాగని "అంతా మన దగ్గరే కనిపెట్టారు" అని చెయ్యెత్తి ఊరుకునే కథ కూడా కాదు. తొట్లకొండ మీద ఉంది, రంగూన్‌లో ఉంది, మళ్ళీ మా వైజాగ్‌లో కంచరపాలెం దాకా వచ్చి ఆగింది. అది చెప్తాను వినండి.

ముందు మాట సంగతి చూద్దాం. మైండ్‌ఫుల్‌నెస్ అనే ఇంగ్లీషు మాటని బౌద్ధ సాధనకి వాడి స్థిరపరిచింది రీస్ డేవిడ్స్ అనే ఆయన. సిలోన్‌లో బ్రిటిష్ సివిల్ సర్వీసులో పనిచేసి, అక్కడే పాళీ భాష నేర్చుకున్నాడు. 1881లో ఆయన అనువాదం చేసిన బౌద్ధ సుత్తాల పుస్తకం వచ్చింది. అందులో "సతి" అనే పాళీ మాటకి మైండ్‌ఫుల్‌నెస్ అని పెట్టాడు. పాళీలో సతి అంటే సంస్కృతంలో స్మృతి. స్మృతి అంటే మనకి తెలుసు. జ్ఞాపకం!

నేను ఇక్కడ ఆగిపోయాను. ఈ క్షణంలో ఉండటానికీ జ్ఞాపకానికీ ఏంటి సంబంధం? కూర్చుని చేసి చూస్తే తెలిసింది. ఊపిరి మీద దృష్టి పెడదాం అని కళ్ళు మూసుకుంటాం. నాలుగు ఊపిర్లు అవ్వగానే ఈఎంఐ గుర్తొస్తుంది, అక్కణ్ణుంచి ఆఫీసు, అక్కణ్ణుంచి ఎప్పుడో ఎవరో అన్న మాట. కొంతసేపటికి "అరె, నేను ఊపిరి చూద్దామని కదా కూర్చున్నాను" అని గుర్తొస్తుంది. ఆ గుర్తురావడమే సతి. తెలుగులో ఎరుక అనుకోవచ్చు. అంటే మనసు ఎటూ పోకపోవడం కాదు దీని అర్థం. పోయిందని గుర్తురావడం. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నేను మొదటి వారంలో "నావల్ల కాదు" అని మూడుసార్లు మానేసేవాణ్ణి కాదు.

సరే, ఇప్పుడు కొండ మీదకి వెళ్దాం.

తొట్లకొండ సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తులో ఉంది. చాలా శతాబ్దాలు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేవీ వాళ్ళు స్థావరం కోసం ఏరియల్ సర్వే చేస్తుంటే శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. మహాస్తూపం, చైత్యగృహాలు, స్తంభాల సమావేశ మందిరం, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల, వీటన్నిటి మధ్య రాళ్ళు పరిచిన దారులు దొరికాయి. బ్రాహ్మీ లిపిలో శాసనాలు దొరికాయి. శాతవాహనుల సీసపు నాణేలు, వాటితో పాటు రోమన్ వెండి నాణేలు కూడా! రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ వంద మందికి పైగా భిక్షువులు ఉండేవారని అంచనా.

రోమన్ నాణెం కొండెక్కిందంటే ఏంటి అర్థం? కింద సముద్ర వ్యాపారం జరుగుతోంది. ఆ డబ్బులో కొంత పైకి వస్తోంది. మనం ధ్యానం అనగానే హిమాలయాలు, గుహ, మనుషులెవరూ లేని చోటు అనుకుంటాం. ఇక్కడ అలా లేదు. పక్కనే బావికొండ, భీమిలి దగ్గర పావురాళ్ళకొండ, ఇటు అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, అటు శ్రీకాకుళం వైపు శాలిహుండం. శంకరం అనే పేరే సంఘారామం నుంచి వచ్చిందంటారు. అన్నీ ఊళ్ళకీ దారులకీ దగ్గరే. పూర్తిగా దూరమూ కాదు, పూర్తిగా సంతలోనూ కాదు. సందడి వినపడుతుంది కానీ మీద పడదు. ఆ దూరం కావాలనే పెట్టుకున్నారు. భిక్షువు వండుకోకూడదు, సంపాదించకూడదు, రోజూ భోజనం జనం దగ్గర్నుంచే రావాలి. జనానికి దూరంగా పారిపోతే ఆకలితో పోతాడు.

ఇక తొట్లు. కొండ మీద నది లేదు. వాన పడినప్పుడు నీళ్ళు పట్టుకోకపోతే ఏడాదంతా బతకలేరు. అందుకే రాతిని తొలిచి తొట్లు చేశారు. బావికొండకి కూడా పేరు అలాగే వచ్చింది, నీళ్ళ కోసం చేసిన బావుల వల్ల. బౌద్ధ భిక్షువులకి వానాకాలం మూడు నెలలు ఎక్కడికీ తిరగకుండా ఒక్కచోటే ఉండాలని నియమం. దాన్ని వర్షావాసం అంటారు. అంటే నీళ్ళు నిండే కాలమూ, మనుషులు కుదురుగా కూర్చునే కాలమూ ఒక్కటే.

కూర్చుని ఏం చేసేవారు? బౌద్ధ గ్రంథాల్లో ఈ సాధన వివరంగా చెప్పేది సతిపట్ఠాన సుత్తం. దాని సారం నా మాటల్లో చెప్తాను. ముందు ఊపిరి. ఊపిరి పొడుగ్గా ఉంటే పొడుగ్గా ఉందని తెలియాలి, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలియాలి. మార్చక్కర్లేదు, తెలిస్తే చాలు. తర్వాత నడుస్తుంటే నడుస్తున్నానని, నిలబడితే నిలబడ్డానని, పడుకుంటే పడుకున్నానని. చెయ్యి చాచినప్పుడు, ముడిచినప్పుడు, బట్ట కట్టుకున్నప్పుడు, తిన్నప్పుడు, తాగినప్పుడు. ఆఖరికి మలమూత్రాలకి వెళ్ళినప్పుడు కూడా! అవును, అది కూడా లిస్టులో ఉంది. ఇప్పుడు మనం అక్కడికి కూడా ఫోన్ పట్టుకునే వెళ్తున్నాం.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఈ సాధన అప్పట్లో ప్రధానంగా భిక్షువుల పని. కింద ఊళ్ళో ఉన్న రైతు, వర్తకుడు, పడవవాడు ఏం చేసేవారు? దానం చేసేవారు, స్తూపానికి ప్రదక్షిణ చేసేవారు. మన ఆంధ్ర బౌద్ధ క్షేత్రాల శాసనాలు చూస్తే ఎక్కువగా దానాల లెక్కలే. అమరావతిలో అయితే చెప్పులు కుట్టే కుటుంబం ఒకటి ఇచ్చిన దానం కూడా రాతి మీద ఉంది. మోసేవాళ్ళు మోశారు, కూర్చునేవాళ్ళు కూర్చున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత శతాబ్దాల్లో వ్యాపారం మారింది, రాజులు మారారు, ఆరామాలు ఖాళీ అయ్యాయి. జనం ఎంతగా మర్చిపోయారంటే, బొజ్జన్నకొండ దగ్గర కనుమ రోజున ఒక బొజ్జలాంటి కట్టడాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు వేసే ఆచారం వచ్చింది. వారసత్వ సంపద కోసం పనిచేసేవాళ్ళు నచ్చజెప్పి దాన్ని ఆపించారు. తప్పు జనానిది కాదు. చెప్పేవాళ్ళు లేరు, అంతే. స్మృతి గురించి నేర్పిన చోటే స్మృతి పోయింది.

మరి మనలాంటి ఉద్యోగస్తులు, భార్యాపిల్లలు ఉన్నవాళ్ళు ధ్యానం చెయ్యడం ఎప్పుడు మొదలైంది? దానికి సముద్రం దాటి బర్మా వెళ్ళాలి.

1885లో బ్రిటిష్ వాళ్ళు మాండలే పట్టుకున్నారు. బర్మా ఆఖరి రాజు తీబాని మన రత్నగిరికి పంపించేశారు. బౌద్ధానికి అండగా ఉన్న రాజే లేకుండా పోయాడు. అప్పుడు లెడి సయాడో అనే భిక్షువు వేరే దారి పట్టాడు. రాజు కాపాడలేకపోతే జనమే కాపాడాలి. అందుకు జనానికి శాస్త్రం తెలియాలి, ధ్యానం కూడా తెలియాలి. మామూలు మనుషుల కోసం తేలిక భాషలో పుస్తకాలు రాశాడు, ఊరూరా తిరిగి నేర్పాడు. 1923లో చనిపోయేలోపు, గృహస్థులు కూడా నేర్పొచ్చని దారి తెరిచాడు.

అలా నేర్పినవాళ్ళలో ఒకరు సయా థెట్‌జీ. రంగూన్‌కి నది అవతల ఊళ్ళో రైతు. అంతకు ముందు రైస్ మిల్లులో లెక్కలు రాసేవాడు. ఆయన దగ్గరికి 1937 జనవరిలో ఊ బా ఖిన్ అనే ప్రభుత్వ ఉద్యోగి వచ్చాడు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి పైకొచ్చిన మనిషి. భార్య, పిల్లలు, ఫైళ్ళు, ప్రమోషన్లు అన్నీ ఉన్నాయి. వెళ్ళి కోర్సు చేశాడు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశానికి మొదటి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. ఆఫీసులోనే తన స్టాఫ్‌కి ధ్యానం నేర్పాడు. 1952లో రంగూన్‌లో ఒక ధ్యాన కేంద్రం పెట్టాడు. అంటే ఆఫీసుకి వెళ్తూ ధ్యానం చేసే మనిషి అనే మోడల్ వేల ఏళ్ళది కాదండి. ఇంచుమించు వందేళ్ళది. అది గట్టిపడిన ఊళ్ళలో ముఖ్యమైనది రంగూన్.

ఇప్పుడు రంగూన్ అనగానే ఉత్తరాంధ్రలో ఎంతమంది ఇళ్ళల్లో చెవులు నిక్కబొడుచుకుంటాయో నాకు తెలుసు. మా పెద్దవాళ్ళు "రంగం" అంటారు. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ నుంచి స్టీమర్లెక్కి మనవాళ్ళు వేలకి వేలు వెళ్ళారు. రేవులో బస్తాలు దించడానికి, రైస్ మిల్లుల్లో పనికి, రిక్షాలు లాగడానికి. బర్మా వాళ్ళు తెలుగువాళ్ళని "కొరంగీలు" అనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. మా నాన్నమ్మ వాళ్ళ నాన్న, అంటే నాకు ముత్తాత, ఆ గుంపులో ఒకడు. రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు.

ఒకే ఊరు, ఒకే కాలం చూడండి. ఒక రైస్ మిల్లు గుమాస్తా ధ్యాన గురువయ్యాడు. అదే ఊళ్ళో ఇంకో రైస్ మిల్లులో మా ముత్తాత బస్తా మోస్తున్నాడు. ఆయనకి ఈ ధ్యానం సంగతే తెలీదు. తెలిసినా పది రోజులు సెలవు ఎవరిస్తారు? ఆయన ప్రపంచం వేరు. 1930 మే నెలలో తెలుగు డాక్ కూలీలు సమ్మె చేశారు, వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తీరాక కొత్తవాళ్ళని తీసేశారు. దాంతో రేవులో అల్లర్లు మొదలై వంద మందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాయి, 1942లో లక్షల మంది అడవుల్లో పడి నడుచుకుంటూ ఇండియా వచ్చారు. మా ముత్తాత కూడా నడిచొచ్చాడు. ఆయనతో బయల్దేరిన తమ్ముడు రాలేదు. తర్వాత 1960ల్లో, అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలు జాతీయం చేశాక, ఇంకో వరస వచ్చింది. కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ అని ఒక పేటకి పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

ఆ రోడ్డు మీద నేను వందసార్లు తిరిగాను. ఒక్కసారీ ఆ పేరు గురించి ఆలోచించలేదు. పరధ్యానం!

బర్మా నుంచి మనుషులతో పాటు ఆ సాధన కూడా వచ్చింది. సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. భరించలేని మైగ్రేన్, మార్ఫిన్ ఇంజెక్షన్లు. విదేశాల్లో డాక్టర్లకి చూపించుకున్నా తగ్గలేదు. ఎవరో చెబితే ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళాడు. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే చేర్చుకోను అన్నారట ఆయన. ఈ పని మనసుని శుభ్రం చేసుకోవడానికి, నొప్పి తగ్గితే అది పక్కన వచ్చే లాభం అని. చివరికి 1955లో కోర్సు చేశాడు. 1969లో ఇండియా వచ్చి బొంబాయిలో మొదటి కోర్సు నేర్పాడు. 1976లో ఇగత్‌పురి కేంద్రం, అదే ఏడాది మన హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త. నాగార్జునసాగర్ దగ్గర కూడా ఒక కేంద్రం ఉంది. కృష్ణ ఒడ్డున బౌద్ధం మర్చిపోయిన చోటికి బర్మా మీదుగా తిరిగొచ్చిందన్నమాట.

అదే గురువుల దగ్గర, ఇతర బర్మా, థాయ్ గురువుల దగ్గర నేర్చుకున్న అమెరికన్ కుర్రాళ్ళు 1970ల్లో వెనక్కి వెళ్ళి కేంద్రాలు పెట్టారు. 1979లో జాన్ కబాట్-జిన్ అనే మాలిక్యులర్ బయాలజిస్టు మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలో, మందులతో తగ్గని నొప్పులున్న రోగుల కోసం ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. మతం మాటలన్నీ తీసేశాడు. తర్వాత 2007లో గూగుల్ తన ఇంజనీర్ల కోసం ఒక కోర్సు పెట్టింది. 2010లో హెడ్‌స్పేస్, 2012లో కామ్. అక్కణ్ణుంచి మన ఫోన్లోకి.

నా దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చెప్తాను. నేను ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక గురువారం ఆఫీసు మెయిల్ వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మైండ్‌ఫుల్‌నెస్ సెషన్, అందరూ జాయిన్ అవ్వాలి అని. అదే రోజు రాత్రి రిలీజ్. మేము నలుగురం అరగంట కళ్ళు మూసుకుని, తెల్లవారుజామున మూడింటి దాకా బగ్గులు సరిచేశాం. మర్నాడు పది గంటలకి మళ్ళీ కాల్. ఆ అరగంట మా కోసమా, రిలీజ్ కోసమా? దీని మీద పెద్ద చర్చే ఉంది. రోనల్డ్ పర్సర్ అనే ప్రొఫెసర్ 2019లో మెక్‌మైండ్‌ఫుల్‌నెస్ అని పుస్తకమే రాశాడు. ఒత్తిడి పెట్టేది వ్యవస్థ, సర్దుకోవాల్సింది మాత్రం ఒక్కొక్క ఉద్యోగి అయితే ఎలా అని ఆయన ప్రశ్న. సరైన ప్రశ్నే.

కొండ నుంచి ఫోన్ దాకా వచ్చేసరికి దారిలో ఏం జారిపోయాయో చూడండి. ఊ బా ఖిన్ దగ్గరైనా, ఇప్పటి పది రోజుల కోర్సులోనైనా ఊపిరి రెండో మెట్టు. మొదటి మెట్టు పంచశీల. చంపను, దొంగిలించను, అబద్ధమాడను, తప్పు సంబంధాలు పెట్టుకోను, మత్తు ముట్టను. అంటే "నేను ఎలా బతుకుతున్నాను" అనే ప్రశ్న ముందు, ఊపిరి తర్వాత. యాప్‌లో ఊపిరి ఒక్కటే మిగిలింది. రెండోది తోడు. కొండ మీద వంద మంది ఉన్నారు, ఒక్కడే లేడు. యాప్‌లో నేనూ, నా స్ట్రీక్. మూడోది నీళ్ళు, అన్నం. కూర్చునే మనిషి వెనకాల మోసే మనిషి ఉన్నాడనే లెక్క. అప్పట్లో దానం ఇచ్చినవాడి పేరు రాతి మీద చెక్కారు. నేను పొద్దున్న పది నిమిషాలు కూర్చుంటే, ఆ పది నిమిషాలు గ్యాస్ స్టవ్ దగ్గర అమ్మ నిలబడి ఉంటుంది. ఆవిడ పేరు ఎక్కడా చెక్కి లేదు.

అందుకని నేను నా పద్ధతి మార్చుకున్నాను. ఏం చేశానో చెప్తాను, గురువులా కాదు, ఆరు నెలల స్టూడెంట్‌లా.

ఒకటి, చోటు. కొండకి బదులు మా డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన ఒక మూల. ఫోన్ కింద ఇంట్లోనే వదిలేస్తాను. టైమర్ కోసం అలారం గడియారం కొన్నాను, ఫోన్ ముట్టుకోవాల్సిన పని లేకుండా. పది నిమిషాలు, ఊపిరి. మనసు పోతుంది, గుర్తొస్తుంది, వెనక్కి వస్తాను. అంతే. మొదట్లో పది నిమిషాల్లో రెండుసార్లు గుర్తొచ్చేది. ఇప్పుడు ఎక్కువసార్లు గుర్తొస్తోంది. ఇదే ప్రోగ్రెస్ అట. బయటికి చూస్తే ఏమీ మారినట్టు ఉండదు.

రెండు, సెలవు అక్కర్లేని సాధన. ఇది మా నాన్న దగ్గర దొరికింది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈ ధ్యానం సంగతి చెబితే, "అక్కడ పరధ్యానంగా ఉంటే ఇంటికి రాం నాన్నా. ఎక్కడ అడుగేస్తున్నామో ప్రతి అడుగూ తెలియాలి" అన్నారు. నాకు వెంటనే ఆ సుత్తం గుర్తొచ్చింది, నడుస్తుంటే నడుస్తున్నానని తెలియడం. నాన్నది ప్రశాంతత కోసం కాదు, ప్రాణం కోసం. రెండూ ఒకటే అని నేను అనను. కానీ ఎరుక అనేది తీరిక ఉన్నవాళ్ళ సొత్తు మాత్రమే కాదని నాకు ధైర్యం వచ్చింది. అప్పట్నుంచి రోజుకి ఒక పని పెట్టుకున్నాను: గిన్నెలు కడగడం. ఆ పావుగంట హెడ్‌ఫోన్స్ లేవు. నీళ్ళ చల్లదనం, సబ్బు జారుడు, గిన్నె చప్పుడు. అమ్మకి నా ధ్యానం వల్ల కలిగిన మొదటి లాభం ఇదే.

మూడు, నిజాయితీ. కొన్ని విషయాలు ఊపిరి చూస్తే తగ్గవు, మార్చాలి. నేను ఆ ఉద్యోగం మానడానికి కారణం ధ్యానం కాదు. కానీ ప్రతి రాత్రి రెండింటికి నా ఛాతీ ఎలా బిగుసుకుంటోందో గమనించాక, బాగానే ఉన్నానని నాకు నేను అబద్ధం చెప్పుకోలేకపోయాను.

ఇంకో ముఖ్యమైన మాట. కొంతమందికి కళ్ళు మూసుకుని కూర్చుంటే భయం, పాత బాధలు ఎక్కువవుతాయి. అలా అయితే ఆపేయండి, అందులో ఓడిపోయింది ఏమీ లేదు. డిప్రెషన్, పానిక్ లాంటివి ఉంటే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. మందులు మానేసి ధ్యానం చెయ్యమని ఎవరైనా చెబితే వినొద్దు.

మొన్న వానలు పడ్డాక మళ్ళీ తొట్లకొండ వెళ్ళాను. ఫోన్ బండి డిక్కీలో పెట్టి తాళం వేశాను. పైన రాళ్ళ దారి తడిగా ఉంది. స్తూపం చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడిచాను. తర్వాత తొట్టి అంచున కూర్చున్నాను. నీళ్ళున్నాయి. ఆకుపచ్చగా, పైన పల్చటి నాచు. ఒక తూనీగ వచ్చి తోకతో నీళ్ళని తాకి పోతోంది, మళ్ళీ వస్తోంది. కింద సముద్రంలో రెండు ఓడలు పోర్టులో చోటు కోసం లంగరేసుకుని ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ కూర్చున్న మనిషికి కూడా ఓడలు కనపడే ఉంటాయి. ఓడ ఎక్కి వెళ్ళినవాళ్ళలో ఒకడి మునిమనవణ్ణి నేను. ఆయనకి ఇలా కూర్చునే పది నిమిషాలు దొరకలేదు. నాకు దొరికాయి. వాటిని నేను ఇన్నాళ్ళూ రీల్స్‌కి ఇచ్చేశాను.

ఇంటికెళ్ళి ఈసారి నేనే చెప్పాను, "అమ్మా, తొట్లలో నీళ్ళున్నాయి" అని.

"ఎన్నిట్లో?" అంది.

లెక్కపెట్టలేదు. మళ్ళీ వెళ్ళాలి.

సరే అండి, ఈ వీడియో అయిపోగానే స్క్రీన్ మీద ఇంకో వీడియో రెడీగా ఉంటుంది, కౌంట్‌డౌన్ తిరుగుతుంది. అది నా వీడియో అయినా సరే, ఈ ఒక్కసారికి ఆపండి. ఫోన్ బోర్లా పెట్టి మూడు ఊపిర్లు చూడండి. తర్వాత మీ ఇష్టం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.